ఖాళీ అయిన సీసా

ఆదోని నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వారి ఇంట్లో ప్లగ్గుకు తగిలించే రూమ్ ఫ్రెషనర్ మిషన్ ఒకటి ఉంది. స్విచ్ వేస్తే అందులోని సీసాలో ఉన్న పరిమళ ద్రవం మెల్లగా ఆవిరై గదిలో వ్యాపిస్తుంది. మిషన్ పెళ్ళి కానుకగా వచ్చింది కనుక దానికి ఖర్చు కాలేదు. సీసా మాత్రం నెల తిరగకుండానే ఖాళీ అవుతోంది, ప్రతిసారీ కొత్తది కొనవలసి వస్తోంది. పక్కింటి వారు ఒక ఉపాయం చెప్పారట. మందుల దుకాణంలో దొరికే స్పిరిట్‌లో నాలుగు చుక్కల అత్తరు కలిపి అదే సీసాలో పోసుకుంటే పదో పరకో ఖర్చుతో నెల గడిచిపోతుందని. "స్పిరిట్‌లో ఆల్కహాల్ ఉంటుంది కదా మౌలానాగారూ, ఆ ఆవిరి నిండిన గదిలో నమాజు చేయవచ్చునా?" అన్నది ఆ సోదరి సందేహం.

ఈ ఉత్తరం చదివి నేను కొంతసేపు మౌనంగా ఉండిపోయాను. ప్రశ్న కష్టమైనదని కాదు. గత రమజాన్‌లో మా ఇంట్లోనే ఇదే ఉపాయం జరిగింది. ఆ సంగతి చెప్పకుండా ఫిఖ్‌హ్ గ్రంథాలలోని మాట ఒకటి రాసి పంపితే అది నిజాయితీ అనిపించుకోదు. మా ఇంటివారి అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను. "నా పేరు రాయకండి, జరిగింది మాత్రం దాచకండి" అన్నారామె.

మదరసా ఉపాధ్యాయుని జీతంలో ఇల్లు నడపడం ఎలాంటిదో ఆ ఇంటి గృహిణికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మా ఇంటివారు పాత చీరతో దిండు గలీబు కుడతారు, సబ్బు ముక్కలు పోగుచేసి గుడ్డల సోడాలో కలుపుతారు. ఇది పిసినారితనం కాదు. దుబారా చేసేవారిని దివ్యఖుర్ఆన్ షైతాను సోదరులతో పోల్చింది. ఆ వాక్యాన్ని పిల్లలకు నేర్పేది నేను, ఇంట్లో ఆచరించేది ఆమె. మా చిన్న కుమారుడు హైదరాబాదు నుంచి ఆ సువాసన మిషన్ తెచ్చినప్పుడు ఆమె మొదట సంతోషించారు. మా ముందు గది ఇరుకు. వీధి కాలువ కిటికీ పక్కనే. తరావీహ్ తరువాత ఎవరైనా వచ్చి కూర్చుంటే ఆమెకు మొహమాటంగా ఉండేది. మిషన్ వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. మొదటి సీసా ఖాళీ అయినప్పుడు మాత్రం లెక్క మొదలైంది. అప్పటికే రెండు గదులలో దోమల మిషన్లు ఉన్నాయి. వాటి సీసాలకు ఒక్కోదానికి 80 రూపాయల పైచిలుకు అవుతోంది. నెలకు రెండు అనుకున్నా సంవత్సరానికి రెండు వేల రూపాయలకు తక్కువ కాదు. దాని మీద ఇది మరొకటి.

ఈ వ్యాపారపు కిటుకు ఆమె నాకంటే ముందే కనిపెట్టారు. మిషన్ చవకగా ఇస్తారు, సీసాతో సంపాదిస్తారు. గడ్డం గీసుకునే రేజరు విషయంలోనూ ఇంతే: పిడి ఒక్కసారి, బ్లేడు జీవితాంతం. కనుక ఖాళీ సీసాను మనమే నింపుకుందామన్న ఆలోచనలో తప్పేమీ లేదు. తప్పు ఆ ఆలోచన తరువాతి మెట్టులో ఉంది. ఖాళీ సీసా అంటే ఖాళీ గ్లాసు వంటిదే, ఏది పోసినా పడుతుంది అనుకోవడంలో ఉంది.

ఆ మిషన్‌ను విప్పి చూస్తే లోపల ఉన్నది చాలా తక్కువ. సీసా మూతిలో గట్టిగా బిగించిన ఒక వత్తి. దాని కొసను చుట్టి చిన్న ఉంగరంలాంటి వేడి భాగం. ప్రమిదలో నూనె వత్తి వెంట పైకి పాకినట్లే సీసాలోని ద్రవం ఈ వత్తిలోని సన్నని రంధ్రాల గుండా పైకి పాకుతుంది. కొసకు చేరగానే వేడి తగిలి ఆవిరైపోతుంది. ఖాళీ అయిన చోటికి కింది నుంచి మరి కొంత ద్రవం వస్తుంది. ఇంతకు మించి అందులో యంత్రమంటూ ఏమీ లేదు. మా మిషన్ మీద 5 వాట్లు అని రాసి ఉంది. అంటే రాత్రింబవళ్ళు నెలంతా వేసి ఉంచినా కాలేది మూడున్నర యూనిట్లు. కరెంటు ఖర్చు పెద్దది కాదు. అయితే ఈ అమరిక అంతా ఒకే రకమైన ద్రవానికి సరిపోయేలా కొలిచి చేసినది. ఆ ద్రవం ఎంత పలుచగా ఉండాలి, ఎంత వేడికి ఆవిరి కావాలి, ఎంత వేడి దాకా నిప్పంటుకోకుండా ఉండాలి అన్నవి చూసుకుని వత్తినీ ఉంగరాన్నీ తయారు చేస్తారు. ద్రవం మారితే ఆ కొలతలన్నీ తలకిందులవుతాయి. సీసా చూడటానికి మాత్రం అలాగే ఉంటుంది.

ఇప్పుడు సోదరి అడిగిన ప్రశ్నకు వస్తాను. ఖమ్ర్, అంటే మత్తు పానీయమైన మద్యం, అపవిత్రమన్నది ఫిఖ్‌హ్ వేత్తలలో అత్యధికుల అభిప్రాయం. అయితే ద్రాక్ష నుంచీ ఖర్జూరం నుంచీ కాక ఇతర పదార్థాల నుంచి తయారై, తాగడానికి కాక వేరే పనులకు వాడే స్పిరిట్ విషయంలో మన కాలపు హనఫీ పండితులలో పలువురు వెసులుబాటు చూపారు. మన దేశంలో స్పిరిట్ చాలావరకు చెరకు మొలాసిస్, ధాన్యాల వంటి వాటి నుంచి వస్తుంది. కనుక గదిలో వ్యాపించిన ఆ ఆవిరి వల్ల నమాజు చెడుతుందన్న భయం అక్కరలేదు. మరింత జాగ్రత్త పాటించదలచినవారు దానికి దూరంగా ఉంటే అదీ మంచిదే. ఫిఖ్‌హ్ సమాధానం ఇంతటితో అయిపోయింది.

కానీ షరీఅత్ మనల్ని అడిగేది పవిత్రతను గురించి మాత్రమే కాదు. స్పిరిట్ ఆవిరి నిప్పంటుకోవడానికి ఎండ కూడా అక్కరలేదు. 20 డిగ్రీల లోపు వేడిలోనే దాని ఆవిరి ఒక్క నిప్పురవ్వకు అంటుకోగలదు. మా కర్నూలులో వేసవి పగలు 40 దాటుతుంది. అలాంటి గదిలో స్పిరిట్ నింపిన సీసాను తీసుకువెళ్ళి, వేడెక్కే ఉంగరం కింద, కరెంటు ప్లగ్గుకు ఆనించి పెడుతున్నాం. పాతబడిన సాకెట్టులో ప్లగ్గు వదులుగా ఉంటే చిటపటమంటూ రవ్వలు వస్తాయన్నది అందరూ చూసిన సంగతే. పైగా స్పిరిట్ ఎంత తొందరగా ఆవిరవుతుందంటే నెలకు సరిపోతుందనుకున్నది మూడు నాలుగు రోజులలోనే అయిపోతుంది. ఇంట్లోవారు మళ్ళీ నింపుతారు. తడి చేత్తో, స్విచ్ తీయకుండా, తొందరలో.

హదీసు పాఠం చెప్పేటప్పుడు నేను ఏటా ఒక ఉపదేశం వద్దకు వచ్చి ఆగుతాను. రాత్రి పడుకునే ముందు దీపాలు ఆర్పివేయమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. ఎలుక వచ్చి వత్తిని లాగితే ఇంటివారంతా కాలిపోయే ప్రమాదముందని కారణం కూడా సెలవిచ్చారు. ఇది సహీహ్ బుఖారీలో ఉంది. పాతికేళ్ళుగా ఈ హదీసు చెబుతూ, ఇప్పుడు దీపాలు లేవు కదా, ఇది వెనుకటి కాలపు జాగ్రత్త అని పిల్లలకు వివరించేవాణ్ణి. మా ముందు గదిలో వత్తి ఒకటి రాత్రంతా వేడిగా ఉంటోందన్న స్పృహ నాకు లేకపోయింది.

మా ఇంటివారు మొదట స్పిరిట్ పోయలేదు. మొదట పోసింది అత్తరే. నా దగ్గర మిగిలిపోయిన ఒక చిన్న సీసా ఉంటే దానినే పోశారు. రెండు రోజులు సన్నగా వాసన వచ్చింది, మూడో రోజు నుంచి ఏమీ లేదు. సీసా నిండుగానే ఉంది, ఉంగరం వేడిగానే ఉంది. పరిమళం మాత్రం లేదు. ఆ తరువాత ఒకసారి కితాబుల కోసం హైదరాబాదు వెళ్ళినప్పుడు పత్తర్‌గట్టీలో నేను ఎప్పుడూ అత్తరు కొనే దుకాణదారును ఈ సంగతి అడిగాను. ఆయన వయసు నాకంటే పదేళ్ళు ఎక్కువే ఉంటుంది. నవ్వి, "మౌలానా సాబ్, అత్తరు మనిషి ఒంటి వేడికి చేసినది. కొలిమికి చేసినది కాదు" అన్నారు.

ఆ తరువాత ఆయన వివరంగా చెప్పారు. కన్నౌజ్‌లో పాత పద్ధతిలో అత్తరు తీసేటప్పుడు రాగి డేగ్‌లో పూలూ నీళ్ళూ వేసి కింద మంట పెడతారు. ఆ ఆవిరి వెదురు గొట్టం గుండా భప్కా అనే పాత్రలోకి వెళ్ళి అక్కడ ముందే పోసి ఉంచిన చందన తైలంలో కలుస్తుంది. చందన తైలం చిక్కనిది, బరువైనది, తొందరగా ఆవిరి కాదు. మణికట్టు మీద రాసిన చుక్క సాయంత్రం దాకా నిలిచేది అందువల్లనే. ఇప్పుడు చందనం ధర ఆకాశానికి చేరింది కనుక చవక అత్తర్లలో దాని స్థానంలో లిక్విడ్ పారఫిన్ వంటి రసాయన తైలాలు కలుపుతున్నారు. అవీ చిక్కనివే. ఏ గుణం వల్ల అత్తరు ఒంటి మీద మంచిదో ఆ గుణం వల్లనే మిషన్‌లో పనికిరాదు. వత్తి రంధ్రాలలో అది పైకి పాకలేదు. పాకిన కొద్దిపాటి కొసలో వేడికి మాడి జిగురులా గడ్డకడుతుంది. ఒకసారి అలా పూడుకుపోయిన వత్తిని కడిగినా బాగుపడదు. తరువాత అసలైన రీఫిల్ ద్రవం పోసినా అది ఎక్కదు. మంచి అత్తరు పోసిన వారికి రెండు నష్టాలు, అత్తరూ పోయింది, వత్తీ పోయింది.

ఆ పెద్దాయన తన దుకాణంలోని అత్తరును నాలుగు సీసాలు అమ్ముకోవచ్చు. "దీనికి వాడకండి" అని చెప్పి పంపారు. అలాంటి వ్యాపారులు ఇంకా ఉన్నారు.

అత్తరు ఎక్కలేదు కనుక దానిని పలుచన చేయాలన్న ఆలోచనతో మా ఇంట్లో స్పిరిట్ ప్రవేశించింది. మరికొన్ని ఇళ్ళలో కిరోసిన్ ప్రవేశిస్తోంది. దోమల మిషన్ ఖాళీ సీసాలో కిరోసిన్ పోసి కర్పూరం బిళ్ళలు కరిగిస్తే దోమలూ పోతాయి, సువాసనా వస్తుంది అన్న చిట్కా విద్యార్థుల ఇళ్ళలో చాలాచోట్ల వినిపిస్తుంది. కొందరు వేప నూనె పోస్తారు. అది అత్తరుకంటే చిక్కనిది, దాని గతీ అంతే. కిరోసిన్ పలుచనిది కనుక వత్తి ఎక్కుతుంది. అందువల్ల ఆ చిట్కా పనిచేసినట్టే కనిపిస్తుంది. నిజానికి కంపెనీ దోమల ద్రవంలోనూ ఎక్కువ భాగం కిరోసిన్ జాతికి చెందిన నూనెయే. అయితే దానిని బాగా శుద్ధి చేసి వాసనా మలినాలూ తీసివేసి ఉంటారు. మందు అందులో ఒకటిన్నర శాతం పైచిలుకు మాత్రమే. సీసా మీద చిన్న అక్షరాలలో 1.6 శాతం అని రాసి ఉంటుంది, చూడండి. మనం పోసే స్టవ్వు కిరోసిన్‌కు ఆ శుద్ధి లేదు. తలుపులు మూసుకుని పడుకున్న గదిలో రాత్రంతా దాని ఆవిరిని పసిపిల్లలు పీలుస్తారు. ఇక దోమల మందు అమ్మడానికి 1968 నాటి కీటకనాశినుల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. లేబులు లేకుండా విడిగా సీసాలలో పోసి సంతలో అమ్మే ద్రవానికి అది ఉండదు. ఎంత చవకగా ఇచ్చినా అందులో ఏముందో అమ్మేవానికే తెలియదు.

ఇప్పుడు మా ఇంట్లో జరిగినది చెబుతాను.

మా ఇంటివారు గులాబీ సుగంధ తైలాన్ని స్పిరిట్‌లో కలిపి ఆ మిశ్రమాన్ని ఒకేసారి ఎక్కువగా తయారు చేశారు. మాటిమాటికీ కలపడం ఎందుకని. రంగు లేత ఎరుపు. దాచడానికి చేతికి అందిన సీసా గులాబీ షర్బత్ ఖాళీ సీసా. శుభ్రంగా కడిగి అందులోనే పోశారు. వంటగది అలమారాలో పై అరలో, తనకు గుర్తుండేలా వెనుక వరుసలో పెట్టారు. రమజాన్ ఇరవై దాటాక ఒక రోజు ఆమెకు జ్వరం. ఇఫ్తార్ ఏర్పాట్లు కోడలూ, తొమ్మిదేళ్ళ మనవరాలూ చేశారు. షర్బత్ కలిపే పని మనవరాలిది. ముందున్న సీసా అయిపోవడంతో స్టూలు ఎక్కి వెనుకనున్న సీసా తీసింది.

అజాన్ అయింది. నేను ఖర్జూరం నోట్లో వేసుకుని గ్లాసు ఎత్తాను. వాసన గులాబీ వాసనే. ఇంతకాలం ముక్కును నమ్ముకున్నవాణ్ణి, ఆ రోజు ముక్కు నాకు ఏమీ చెప్పలేదు. రంగు చూసి ఆగాను. షర్బత్ నీళ్ళలో కలిస్తే తేటగా ఎర్రబడుతుంది. ఇది పాలు కలిపినట్టు తెల్లగా మసకబారి ఉంది. పైన సన్నని నూనె తెట్టు దీపం వెలుగుకు రంగులు తేలుతోంది. సుగంధ తైలం కరిగిన స్పిరిట్ నీళ్ళలో పడితే తైలం విడిపోయి అలా మసకబారుతుందని తరువాత తెలిసింది. "ఎవరూ తాగకండి" అని నేను కేక వేసేసరికి ఆరేళ్ళ మనవడు, వాడికి ఉపవాసం లేదు, అజాన్ దాకా ఆగే ఓపికా లేదు, అప్పటికే ఒక గుక్క నోట్లోకి తీసుకున్నాడు. చేదుగా ఉందని ఉమ్మేశాడు. కొంత మింగాడో లేదో వాడికే తెలియదు.

మగ్రిబ్ నమాజు ఆసుపత్రి వరండాలో చేశాను. పిల్లవాణ్ణి మూడు నాలుగు గంటలు కనిపెట్టి చూసి డాక్టరుగారు పంపించారు. అల్లాహ్‌కే సర్వస్తోత్రాలు, వాడికి ఏమీ కాలేదు. ఆ డాక్టరుగారు చెప్పిన మాటలు అందరికీ పనికివస్తాయి కనుక రాస్తున్నాను. పిల్లలు ఇటువంటి ద్రవం ఏది తాగినా, ముఖ్యంగా కిరోసిన్ గానీ దోమల సీసాలోని ద్రవం గానీ తాగితే, బలవంతంగా వాంతి చేయించకూడదు. ఉప్పు నీళ్ళు పట్టడం, గొంతులో వేలు పెట్టడం వల్ల అది ఊపిరితిత్తులలోకి పోతుంది. కడుపులోకంటే అక్కడ దాని హాని ఎక్కువ. కర్పూరం మింగిన పిల్లలకు కొద్ది నిమిషాలలోనే మూర్ఛలు రావచ్చు. కనుక చూద్దాంలే అని ఆగకూడదు. 108కి ఫోను చేయాలి, లేదా తామే తీసుకువెళ్ళాలి. తాగిన సీసాను కూడా వెంట తీసుకువెళ్ళాలి. లేబులు ఉన్న సీసా అయితే అందులో ఏముందో వైద్యునికి వెంటనే తెలుస్తుంది. మా సీసా మీద ఉన్న లేబులు షర్బత్‌ది.

ఆ రాత్రి మా ఇంటివారు జ్వరంతోనే లేచి ఆ మిశ్రమాన్ని బయట పారబోశారు. "పదుల రూపాయల కోసం" అని ఒక్క మాట అన్నారు, ఆ తరువాత ఏడ్చారు. నేను ఆమెను తప్పుపట్టలేదు. పొదుపు చేయమని ఏళ్ళ తరబడి చెప్పినది నేనే. ఏది పొదుపో ఏది కాదో కూర్చుని ఆమెతో ఒక్కసారి కూడా మాట్లాడనిది కూడా నేనే.

అయితే సీసాను మనం అసలు నింపనే కూడదా అని ఎవరైనా అడగవచ్చు. అదే రకం మిషన్ కోసం తయారుచేసిన ద్రవం, లేబులుతో, మూసిన సీసాలో పెద్ద పరిమాణంలో దొరికితే, దానిని పోసుకోవడంలో నిప్పు భయం స్పిరిట్ అంత ఉండదు. అప్పుడు కూడా మిషన్‌ను ప్లగ్గు నుంచి తీసి చల్లారనివ్వాలి. సీసాను మెడ దాకా నింపకూడదు. బయట ఒలికినది పూర్తిగా తుడిచి ఆరనివ్వాలి. పాత వత్తి ఎన్నాళ్ళో పనిచేయదు. చాలా డబ్బాల మీద మళ్ళీ నింపవద్దని రాసి ఉంటుంది. అలా రాసి ఉన్నప్పుడు నింపితే ఆపైన జరిగేదానికి మనదే బాధ్యత. నేనైతే ఇప్పుడు ఇంట్లో పిల్లలున్నవారికి ఈ పని చెప్పను.

డబ్బు మిగిల్చే దారి సీసా నింపడంలో కంటే స్విచ్ తీయడంలోనే ఎక్కువ ఉంది. మన ముక్కుకు ఒక స్వభావం ఉంది. ఒకే వాసనలో కొద్ది నిమిషాలు ఉంటే దానిని పట్టించుకోవడం మానేస్తుంది. అందుకే ఇంటివారికి మిషన్ పనిచేయడం లేదనిపిస్తుంది, బయట నుంచి వచ్చినవారికి తల తిరుగుతుంది. ఉబ్బసం ఉన్నవారికైతే దగ్గు మొదలవుతుంది. అతిథులు రావడానికి అరగంట ముందు వేసి వారు కూర్చోగానే తీసివేస్తే చాలు. నెలకు ఒక సీసా అయ్యేది నాలుగైదు నెలలు వస్తుంది. మేము ఇప్పుడు చేస్తున్నది ఇదే. ఏ వాసనను కప్పిపుచ్చడానికి మిషన్ పెట్టామో దాని మూలం చూడటం అంతకంటే మంచిది. మా ఇంట్లో అది కిటికీ పక్కన కాలువ, మంచం కింద చెప్పులు, ఎండ చూడని పరుపులు. కాలువ మీద రాతిపలక వేయించాం. పరుపులు వారానికోసారి మిద్దె మీదికి వెళ్తున్నాయి. ఇంటినీ వాకిలినీ శుభ్రంగా ఉంచుకోవడం విశ్వాసులకు కొత్తగా చెప్పవలసిన సంగతి కాదు. సువాసన వచ్చేసరికి శుభ్రతను మరచిపోతాం, అంతే.

అత్తరు మీద మక్కువ ఉన్నవారు, నేనూ అందులో ఒకణ్ణి, ఒక దూది ఉండ మీద రెండు చుక్కలు వేసి చిన్న గిన్నెలో ఉంచి ఎత్తైన అల్మారా మీద పెట్టుకోవచ్చు. ఫ్యాను గాలి దానికి చాలు, వేడి అక్కరలేదు. వేసవిలో మా వైపు వట్టివేరు చవకగా దొరుకుతుంది. అత్తరు దుకాణాలలో ఖస్ అనేది దీనినే. గుప్పెడు వట్టివేరును గుడ్డ మూటలో కట్టి తడిపి కిటికీకి వేలాడదీస్తే సాయంత్రపు గాలి అంతా దాని పరిమళంతో చల్లగా వస్తుంది. వట్టివేరు తడికలు కట్టి నీళ్ళు చల్లిన రోజులు మన పెద్దలందరికీ గుర్తే. ఆ మూట ఎండాకాలమంతా వస్తుంది, తిరిగి తడపడమే ఖర్చు. మరువం, దవనం కూడా బట్టల బీరువాలో పెట్టుకోవచ్చు. అయితే పిల్లి ఉన్న ఇంట్లో సుగంధ తైలాలను అందేచోట పెట్టకండి. కొన్ని తైలాలను పిల్లి శరీరం అరిగించుకోలేదు, ఒంటి మీద పడినవి నాకినా జబ్బు పడుతుంది. అబూ హురైరా (రజి) పేరు పిల్లి పిల్లను బట్టే వచ్చింది కదా, ఆయన హదీసులు చదివే ఇళ్ళలో ఈ మాత్రం దయ ఉండాలి.

సాంబ్రాణి సంగతి కూడా కొందరు అడుగుతారు. జుమా రోజున సాంబ్రాణి వేసే అలవాటు మన ఇళ్ళలో పాతది. దీనికి అరబ్బు వర్తకులు పెట్టిన పేరు లుబాన్ జావీ, జావా నుంచి వచ్చిన లుబాన్ అని అర్థం. ఆ మాటే నోట నోట మారి యూరపు భాషలలో బెంజోయిన్ అయింది. మదీనాలోని ప్రవక్త మస్జిదులో ధూపం వేసే పని చేసిన కుటుంబపు వ్యక్తి నుఐమ్ అల్ ముజ్మిర్. ముజ్మిర్ అంటే ధూపం వేసేవాడు. అబూ హురైరా (రజి) నుంచి వుజూ హదీసును మనదాకా అందించినవారు ఆయన. మా రెండో తరగతి పిల్లలకు ఆ పేరు అర్థం చెప్పినప్పుడల్లా కళ్ళు పెద్దవి చేస్తారు. సాంబ్రాణి మంచిదే. కాని పొగ పొగే. తలుపులు తెరిచి వేయాలి, ఉబ్బసం వారినీ పసివారినీ ఆ సమయంలో వేరే గదిలో ఉంచాలి, నిప్పు ఆరిందో లేదో చూసి పడుకోవాలి.

ఆదోని సోదరికి నేను వేరుగా జాబు రాశాను. నమాజు చెల్లుతుందని మొదటి వాక్యంలో రాశాను. మిగిలిన రెండు పేజీలు ఇక్కడ రాసినవే. ఆమె మళ్ళీ ఒక ప్రశ్న పంపారు: ఇప్పటికే కలిపి ఉంచిన స్పిరిట్ మిశ్రమాన్ని ఏమి చేయాలి? వంటగది సింకులో పోయకమ్మా, దగ్గర స్టవ్వు ఉంటుంది. ఆరుబయట, పొయ్యికీ బీడీ కాల్చేవారికీ దూరంగా, వెడల్పు పళ్ళెంలో పోసి పిల్లలు వెళ్ళని చోట ఆవిరై పోనివ్వు. ఆ సీసాను కడిగి మళ్ళీ దాచకు.

మా ఇంట్లో గులాబీ షర్బత్ సీసా ఇప్పుడు ఏది ఖాళీ అయినా మనవరాలే స్వయంగా లేబులు చింపి పాత సామాను అతనికి ఇస్తోంది. దానికి ఎవరూ చెప్పలేదు.